మీ వంటింటి బొమ్మలో ఆగిపోయిన పట్టీలు

మీ ఇద్దరికీ తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది. అర్థం కానిచోట ఆపి అడగండి. మీరు ఎంత ఆపితే అంతసేపు నేను మీ దగ్గర ఉన్నట్టు.

మీ ఫ్రిస్కో ఇంట్లో ఫ్రిడ్జ్ మీద నేను పెట్టిన చిన్న నల్లపెట్టె ఉందే, ఇదంతా దాని గురించే. మొన్న చలికాలంలో మీ దగ్గరికి వచ్చినప్పుడు పెట్టాను. అందులో ఉన్నది అరచేతిలో పట్టేంత కంప్యూటర్. దానికి తగిలించింది కార్ల వెనకాల ఉండే కెమెరా. మామూలు కెమెరా అయితే ఒక మొహమో రెండు మొహాలో కనిపిస్తాయి. కారు కెమెరాలో ఈ మూల నుంచి ఆ మూలదాకా కనిపిస్తుంది. నాకు మీ వంటిల్లు మొత్తం కావాలి మరి.

మీకు తెలుసో తెలియదో, అమ్మమ్మ చాలా ఏళ్ళు చేసిన పని అదే. ఇక్కడ మా ఊళ్ళో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు ఒకటుండేది. కారు వెనక్కి తిప్పుతుంటే ముందున్న తెర మీద వెనకాల ఏముందో కనిపిస్తుందే, ఆ బొమ్మ ఆగకుండా రావడానికి ఆపరేటింగ్ సిస్టమ్ లోపల, బాగా అడుగున, చెయ్యాల్సిన పని ఉంటుంది. ఆ అడుగుభాగాన్ని కెర్నెల్ అంటారు. నేను అక్కడ ఉండేదాన్ని. మీ తాతయ్య పార్టీల్లో నన్ను "మా ఆవిడ, రివర్స్ గేర్ ఇంజనీర్" అని పరిచయం చేసేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

పెట్టె రాకముందు ఆదివారం ఆదివారం మీ అమ్మ ఫోన్లో వీడియో కాల్ చేసేది. మీరిద్దరూ వరసగా వచ్చి నిలబడేవాళ్ళు. స్కూల్ గుడ్, సాకర్ గుడ్, వయోలిన్ గుడ్. ఆ 'గుడ్'లన్నీ అయిపోగానే "బై అమ్మమ్మా". మీరు గుడ్ అని నాకు తెలుసు నాన్నా. స్టూలు ఏ చేత్తో లాక్కుంటారో, అన్నంలో పెరుగు ముందు వేసుకుంటారో పచ్చడి ముందు వేసుకుంటారో, అది తెలియదు. అది ఫోన్లో అడిగితే చెప్పేది కాదు. పక్కనుంటే తెలిసేది.

అందుకే పెట్టె. అది చూసేదీ వినేదీ ఇక్కడ మా టీవీలో వస్తుంది, నా మాట అక్కడ మీకు వినిపిస్తుంది. ఇంకో పని కూడా దానికి అప్పగించాను. ఫోన్లలో జాగా చాలట్లేదని మీ అమ్మ అంటే, ఎవరి ఫోనైనా ఇంటి వైఫై తగలగానే ఫొటోలన్నీ తనంతట తనే పెట్టెలోకి దింపుకునేలా పెట్టాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

మొదట్లో బాగానే ఉంది. ఒక ఆదివారం మీ అమ్మ గుత్తివంకాయ కూర చేస్తూ మసాలా అడుగుతోంది, నేను మా టీవీలో చూస్తూ చెబుతున్నాను. చిట్టితల్లీ, అప్పుడే మీ నాన్నా అన్నయ్యా కాస్ట్‌కోకి సరుకులకి వెళ్ళి వచ్చారు. నువ్వు స్టూలు దిగి వాళ్ళకి ఎదురు పరిగెత్తావు. నువ్వు వెళ్ళిపోయావు గానీ, బొమ్మలో మాత్రం నీ జడలో ఒక సన్నని ముక్క పట్టీలా స్టూలు దగ్గరే ఉండిపోయింది. చుట్టూ అంతా కదులుతోంది. ఆ సన్నటి పట్టీ మాత్రం కదలదు. తర్వాత ఇంకో పట్టీ, ఇంకోటి. కాసేపటికి పెట్టె మొత్తం చచ్చిపోయింది.

ఆ తర్వాత అప్పుడప్పుడూ అలాగే అయ్యేది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే వచ్చేది. మీ అమ్మకి విసుగొచ్చింది.

"అమ్మా, సమ్మర్‌లో కిచెన్ రీమోడల్ చేయిస్తున్నాం. ఇది సరిగ్గా పనిచేస్తే ఎలక్ట్రీషియన్‌తో దీనికో అవుట్‌లెట్ పెట్టిస్తాను. లేదంటే తీసేద్దాం. ఫోన్లున్నాయిగా."

"సమ్మర్ దాకా టైమివ్వవే. సరిచేస్తాను."

"నువ్వు రిటైరయ్యావమ్మా. గుర్తుందా?"

"నేను రిటైరయ్యాను. ఇదింకా అవలేదుగా."

ఇలాంటి తప్పుని మేం బగ్ అంటాం. పట్టుకోవాలంటే అది జరుగుతున్నప్పుడు చూడాలి. ఎప్పుడు జరుగుతుందో తెలియదు. కాబట్టి కెమెరా ఆన్‌లోనే ఉంచమని మీ అమ్మని అడిగాను.

"పొద్దస్తమానం నువ్వు చూస్తున్నావంటే, జుట్టు ముడేసుకోడానికి కూడా ఆలోచించాలమ్మా."

అది నిజమే. ఎవరిల్లు వాళ్ళది. అందుకే నేను చూస్తున్నంతసేపూ పెట్టె మీద ఎర్రలైటు వెలిగేలా పెట్టాను. పొద్దున్న మీ హడావుడి వేళ చూడను. మధ్యాహ్నం నుంచి మీ రాత్రి భోజనాలదాకే. మీ అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"బగ్ దొరికేదాకే. దొరికిందా, ఆఫ్."

"సరే. మాటంటే మాటే."

అలా మా హాల్లో టీవీలో మీ వంటిల్లు వచ్చి కూర్చుంది. సగంసేపు అందులో ఎవరూ ఉండేవారు కాదు. సింకు, కుక్కరు, కుర్చీ మీద వేలాడుతున్న ఎవరిదో హుడీ. కిటికీలోంచి వచ్చిన ఎండ కౌంటర్ మీద కొంచెం కొంచెం జరుగుతూ పోయేది. నేను పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, ఇంటర్నెట్‌లో ఇక్కణ్ణించే ఆ పెట్టెలోని కోడ్ చదువుకుంటూ, మధ్యలో తలెత్తి చూసేదాన్ని.

తాతయ్య వేరుశనక్కాయలు తెచ్చుకుని పక్కన కూర్చునేవారు.

"ఏంటోయ్, టెక్సాస్ ఫ్రిడ్జ్ సీరియల్ ఎంతదాకా వచ్చింది?"

"ఇంకా ఎవరూ రాలేదండీ."

"మరేం చూస్తున్నావ్?"

"ఎవరూ రాకపోవడం చూస్తున్నాను."

"నాకిదే నచ్చింది. ఏడుపుల్లేవు, అత్తల్లేరు" అనేవారు. అని, లేచి వెళ్ళేవారు మాత్రం కాదు.

సాయంత్రం మీరొచ్చేవాళ్ళు. అప్పుడు తెలిశాయి నాకు మీ సంగతులన్నీ. పెద్దోడా, నువ్వు పాలు గ్లాసులో పోసుకోవు, గ్యాలన్ డబ్బా ఎత్తి తాగుతావు. అమ్మ వచ్చే చప్పుడు వినగానే మూతి తుడుచుకుని డబ్బా లోపల పెడతావు. ఎర్రలైటు చూసి ఒకసారి నాకు దణ్ణం కూడా పెట్టావు, చెప్పొద్దని. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను. చిట్టితల్లీ, నువ్వు లెక్కలు చేసేటప్పుడు నీతో నువ్వే ఇంగ్లీషులో పోట్లాడుకుంటావు. జవాబు రాగానే స్టూలు మీదే కూర్చుని డాన్స్ చేస్తావు. పచ్చడన్నం తినేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడవు. మా అమ్మ కూడా అంతే, పచ్చడన్నం దగ్గర మాట్లాడేది కాదు. నువ్వామెను చూడలేదు.

కొన్నిసార్లు ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి పెట్టె వైపు చూసేదానివి.

"అమ్మమ్మా, యూ దేర్?"

"ఉన్నానమ్మా."

"ఓకే. జస్ట్ చెకింగ్."

మళ్ళీ లెక్కల్లో పడిపోయేదానివి. అంతే మన మాటలు. 'గుడ్'లు లేవు, 'బై'లు లేవు. ఎన్నో ఏళ్ళ ఆదివారం కాల్స్‌లో నాకు దొరకనిది ఆ 'ఉన్నానమ్మా'లో దొరికింది.

ఇక బగ్ సంగతి. అది నాకు చుక్కలు చూపించింది. మా పనిలో ఒక అలవాటుంది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు, కోడ్‌లో అక్కడక్కడా 'ఇక్కడిదాకా వచ్చాను, ఇప్పుడు ఇది చేస్తున్నాను' అని కెర్నెల్ చేత చెప్పించుకుంటాం. నేనూ అలాగే పెట్టాను. పెట్టగానే బగ్ మాయమైంది. ఒక్క పట్టీ లేదు, నాలుగు సాయంత్రాలు బొమ్మ అద్దంలా ఉంది. చెప్పించుకోవడం తీసేశాను. మర్నాడే పట్టీలు వచ్చేశాయి. మళ్ళీ పెట్టాను, పోయాయి. కెర్నెల్ ప్రతి పనికీ ఆగి నాకు చెప్పేసరికి దాని నడక నిదానమవుతుంది. ఆ నిదానంలో తప్పు జరగదు. చూస్తే దాక్కుంటుంది, చూడకపోతే వస్తుంది. ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ఇలాంటివాటి కోసం జుట్టు పీక్కునేవాళ్ళం. కానీ అక్కడ చుట్టూ ఇంకో పదిమంది పీక్కునేవాళ్ళుండేవారు.

"అమ్మమ్మా, డిడ్ యూ ట్రై టర్నింగ్ ఇట్ ఆఫ్ అండ్ ఆన్?" అన్నావు పెద్దోడా, పాలడబ్బా పట్టుకుని.

"నువ్వు ముందు ఆ డబ్బా లోపల పెట్టరా" అన్నాను.

దారి కోడ్‌లో దొరకలేదు. చెవికి దొరికింది. ఒక సాయంత్రం కళ్ళు లాగుతున్నాయని మూసుకుని కూర్చున్నాను. టీవీలోంచి మీ గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడొచ్చింది. తర్వాత షూస్ విప్పి పడేసిన చప్పుడు, "డాడ్, వాట్స్ ఫర్ డిన్నర్". కళ్ళు తెరిచేసరికి తెర మీద పట్టీ. ఇదివరకు ఎప్పుడెప్పుడు వచ్చిందో గుర్తుచేసుకున్నాను. వంకాయ కూర రోజు, కాస్ట్‌కో నుంచి వచ్చారు. ఆ తర్వాతోసారి, గుడి నుంచి వచ్చారు. మిగతా అన్నీ సాయంత్రాలే. ఒక్కరే ఉన్నప్పుడు ఎప్పుడూ రాలేదు. ఇంట్లో అందరూ చేరాకే వస్తోంది.

"ఏమండీ, అందరూ ఇంటికొస్తే పాడవుతోందండీ ఇది."

తాతయ్య గింజ నోట్లో వేసుకోబోతూ ఆగారు. "అదేం జబ్బోయ్!"

ఫొటోల సంగతి గుర్తుంచుకోమన్నాను కదూ. అందరూ ఇంటికి రాగానే నాలుగు ఫోన్లూ వైఫై తగులుకుని, రోజంతా తీసిన ఫొటోలు, వీడియోలు ఒక్కసారిగా పెట్టెలో కుమ్మరిస్తాయి. చిన్న పెట్టె. మెమరీలో జాగా ఇరుకైపోతుంది.

కంప్యూటర్ మెమరీని ఒకే కొలతగల చిన్న చిన్న అరలుగా పంచుకుంటుంది. ఆ అరల్ని పేజీలంటారు. జాగా ఇరుకైనప్పుడు కెర్నెల్ ఏం చేస్తుందంటే, ఒక పేజీలో ఉన్నదాన్ని ఇంకో చోటికి మార్చి, ఈ చోటు వేరేవాళ్ళకిస్తుంది. మార్చిన సంగతి ప్రోగ్రాములకి తెలియాల్సిన పనిలేదు. వాళ్ళెప్పుడు అడిగినా కెర్నెలే కొత్తచోటికి తీసుకెళుతుంది. కానీ కెమెరా ఎవర్నీ అడగదు. మొదట్లో ఇచ్చిన అడ్రసుకి తిన్నగా బొమ్మ పంపుతూనే ఉంటుంది. అందుకని కెమెరా పని అయ్యేదాకా 'ఈ పేజీలు కదపొద్దు' అని కెర్నెల్‌కి చెప్పి, పట్టుకుని ఉండాలి. కెమెరాతో పాటు వచ్చిన ప్రోగ్రాము పట్టుకోవడమైతే పట్టుకుంది. అడ్రసు కెమెరా చేతికివ్వగానే వదిలేసింది.

మేము పాత అపార్ట్‌మెంట్ నుంచి ఈ ఇంటికి మారినప్పుడు అందరికీ కొత్త అడ్రసు చెప్పాం. ఇండియాలో మా పెద్దమ్మకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా పాత అడ్రసే. ప్రతి కొత్త సంవత్సరానికీ ఆవిడ కార్డు ఆ అపార్ట్‌మెంట్‌కే వెళ్ళేది. అక్కడ కొత్తగా దిగినవాళ్ళ బల్ల మీద మా కార్డు. మా బల్ల మీద ఎప్పటిదో పాత కార్డు. మీ వంటింటి బొమ్మలో జరిగింది అచ్చంగా అదే. కొత్తచోటికి మారిన పేజీకి కెమెరా నుంచి ఇంకేమీ రాదు. మారిన క్షణంలో ఏముందో అదే అక్కడ పట్టీలా ఆగిపోతుంది. కెమెరా పంపేదేమో పాతచోట కొత్తగా దిగినవాళ్ళ నెత్తిన పడుతుంది. అందుకే కాసేపటికి పెట్టె చచ్చిపోవడం.

అప్పుడు ఆ పట్టీల్ని ఇంకోసారి చూశాను. ఒకదాంట్లో బ్యాక్‌ప్యాక్ మూల, ఒకదాంట్లో మీ నాన్న చెయ్యి కొంచెం, ఒకదాంట్లో చిట్టితల్లి పక్కకు తిరిగిన బుగ్గ. అన్నీ మీరు ఇంట్లోకి అడుగుపెట్టిన క్షణాలే. ఇన్నాళ్ళూ నేను తప్పు తప్పు అనుకుంటూ చూసింది వాటినే.

సరిచెయ్యడం పెద్ద పని కాదు. వదిలేసే ఆ ఒక్క మాటని అక్కణ్ణించి తీసి, కెమెరా ఆగిపోయేచోట పెట్టాలి. పొద్దున్నే చేశాను. చేశాక వెళ్ళి కాఫీ కలుపుకున్నాను.

"దొరికిందా?" అన్నారు తాతయ్య, నా మొహం చూసి.

"దొరికిందండీ."

"మరి అలా ఉన్నావేం?"

నేను ఆయనకీ ఒక కప్పు కలిపి ఇచ్చాను. ఆయన కప్పు అందుకుని, "అమ్మాయికి రాత్రికి చెబుదువుగానిలే" అన్నారు.

ఆ సాయంత్రం మీ గరాజ్ తలుపు లేచింది. షూస్ పడ్డాయి. నలుగురూ వంటింట్లోకి వచ్చారు. నాలుగు ఫోన్ల ఫొటోలూ కుమ్మరించుకుంటున్నాయి. పేజీలు కదులుతున్నాయని నాకు లాప్‌టాప్‌లో కనిపిస్తోంది. కెమెరావి మాత్రం కదలలేదు. బొమ్మలో ఒక్క పట్టీ రాలేదు. మీరు భోజనాలు చేసి, ప్లేట్లు సింకులో పడేసేదాకా చూశాను. అప్పుడు మీ అమ్మని పిలిచి చెప్పాను.

"నిజంగానా! అమ్మా, యూ ఆర్ అమేజింగ్. ఏయ్, అమ్మమ్మ ఫిక్స్ చేసిందిరా!"

మీరిద్దరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మీ అమ్మ ఎర్రలైటు వైపు చూసింది. నేను తననే చూస్తున్నాను.

"రేపు ఆపుతాలేమ్మా" అంది, మెల్లగా.

"వద్దు తల్లీ. అనుకున్నాంగా. ఆపేయ్."

"అమ్మమ్మా, యూ స్టిల్ దేర్?" అన్నావు చిట్టితల్లీ, నువ్వు వెనకనుంచి.

"ఉన్నానమ్మా" అన్నాను. మీ అమ్మ చెయ్యి పెట్టె దాకా వచ్చింది. చాలా పెద్దగా కనిపించింది, కారు కెమెరా కదా. తర్వాత టీవీలో ఏమీ లేదు.

వేసవిలో మీ వంటిల్లు మారింది. మీ అమ్మ మాట తప్పలేదు, ఫ్రిడ్జ్ పక్కనే పెట్టెకి అవుట్‌లెట్ పెట్టించింది. ఇప్పుడు ఆదివారాలు బొమ్మ శుభ్రంగా వస్తోంది. మీరు వరసగా నిలబడుతున్నారు. స్కూల్ గుడ్, సాకర్ గుడ్.

చివర ఒక్క ముక్క చెప్పి ఆపేస్తాను. ఆ కెమెరా వాడేవాళ్ళు ప్రపంచంలో ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి, నేను చేసిన సవరణ అందరికీ అందేలా, కెర్నెల్ బాగోగులు చూసుకునేవాళ్ళకి పంపాను. మా పనిలో అలా పంపేటప్పుడు, ఆ తప్పు మళ్ళీ రప్పించి చూడాలంటే ఏం చెయ్యాలో రాయాలి. అదొక మర్యాద. నేనిలా రాశాను: కెమెరా ఆన్ చెయ్యండి. ఇంట్లో అందరూ వచ్చేదాకా ఆగండి.

ఎవరో ఒకాయన, ఏ దేశంలో ఉంటాడో తెలియదు, జవాబు రాశాడు. 'నేను కెమెరా రెండురోజులు ఆన్‌లో ఉంచాను. ఏమీ కాలేదు. నేను ఒక్కణ్ణే ఉంటాను. ఇంకా ఎంతసేపు ఆగాలి?'

ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత, మెమరీని ఉత్తుత్తినే నింపేసే చిన్న ప్రోగ్రామొకటి రాసి పంపాను. అది నడిపితే నిమిషంలో పట్టీలు వచ్చేస్తాయి. ఆయనకీ వచ్చాయట. థాంక్స్ చెప్పాడు, సవరణ ఒప్పుకున్నారు. నేను ముందు రాసిన మాటలు తీసేసి ఆ ప్రోగ్రాము పెట్టారు. ఇప్పుడా తప్పు చూడాలంటే ఎవరూ ఇంటికి రానక్కర్లేదు.

మీకు సాయంత్రం ఐదైతే మాకు ఆరు. మీరు గరాజ్ తలుపు తీసే వేళ. మా వీధిలో ఎవరింటి గరాజ్ తలుపు లేచినా నా తల టీవీ వైపు తిరుగుతోంది. "అది ఎదురింటిదోయ్" అంటారు తాతయ్య. ఆయన చూపూ అటే ఉంటుంది.

పెట్టెకి ఎడంపక్క, కెమెరా ఆన్ చేసే చిన్న బటన్ ఉంది. ఎప్పుడైనా, ఆదివారమే కానక్కర్లేదు, అమ్మని ఒక మాట అడిగి నొక్కండి. నాతో మాట్లాడాలని ఏం లేదు. మీ పని మీరు చేసుకోండి. నేను ఎర్రలైటు వెలిగించి కూర్చుంటాను.